నాయన మింగిన సరుకు

ఆత్మకూరు బజారులో నాలాగా బేరమాడినవాడు ఇంకొకడు లేడు. గొప్ప కోసం చెప్పడం లేదు అని అనను, గొప్ప కోసమే చెబుతున్నాను. తొంభైల నడిమిన ఒక వేసవి పొద్దున, వ్యానులో ఊరూరా తిరిగి సరుకు వేసే మనిషి దగ్గర రెండు పెట్టెల యాంటీబయాటిక్ గొట్టాలు, అంటే క్యాప్సూళ్ళు, ఎర్ర టోపీ నల్ల ఒళ్ళు ఉన్నవి, అసలు ధరలో పావు వంతుకు కొన్నాను. కొసరు కింద డజను సబ్బులు కూడా రాబట్టాను. అంతకన్నా గొప్ప సంగతి ఏమిటంటే, ఆ రెండు పెట్టెల్లో ఒక్క గొట్టం వృథా కాలేదు. గడువు తేదీ లోపలే మొత్తం ఖర్చయిపోయింది.

ఖర్చు చేసింది ఎక్కువగా మా నాయన. తన కడుపులోకి.

కొట్టు నడిపే ఇళ్ళలో ఒక పద్ధతి ఉంటుంది, బయటివాళ్ళకు తెలియదు. అమ్ముడుపోనిది ఇంట్లోకి వస్తుంది. ఉదయగిరిలో మా కొట్టు ముందు గదిలో, కాపురం వెనక గదిలో. మధ్య గడప దాటి ఒక సరుకు లోపలికి వచ్చిందంటే దానికి గిరాకీ లేదని అర్థం. మెత్తబడిన బిస్కెట్లు, పురుగు పట్టి జల్లించిన రవ్వ, కరిగి కాగితానికి అతుక్కున్న బెల్లం, వాసన పోయిన టీపొడి. నా పదో ఏట గులాబిరంగు పళ్ళపొడి ఒకటి తెస్తే ఊళ్ళో ఎవరూ కొనలేదు. ఏడాది పాటు ఇంటిల్లిపాదీ దానితోనే తోముకున్నాం. అమ్మ నా చిన్నప్పుడే పోయింది కాబట్టి వంట అవ్వది, అంటే నాయన తల్లిది. పొద్దున్నే ఏం వండాలా అని అవ్వ ఆలోచించేది కాదు. కొట్టులోకి తొంగి చూసి, "ఏందిరా ఈపొద్దు పోనిది?" అని అడిగేది. సరుకు పారేయడం మా ఇంట్లో పాపాల్లోకెల్లా పెద్దది. పారేసే ముందు దాన్ని ఒకసారి మా ఒంట్లోంచి పోనివ్వాలి.

ఈ పద్ధతికి బయట ఉన్నది ఒక్క గంజికుండే. పొయ్యి పక్క మూలలో ఉండేది. మిగిలిన అన్నమూ గంజీ అందులో పోస్తే మర్నాటికి పుల్లగా తయారయ్యేది. దాన్లో ఉప్పు, ఉల్లిపాయ, కాస్త మజ్జిగ. ఆ కుండను అవ్వ ఎన్నడూ బూడిద పెట్టి తోమనిచ్చేది కాదు. అడుగున గరిటెడు పాత గంజి ఉంచి దాని మీదే కొత్తది పోసేది. ఒకసారి ఇంటికొచ్చిన చుట్టం ఒకామె మంచి చేద్దామని ఆ కుండను తళతళా తోమిపెట్టింది. వారం రోజులు గంజి సరిగా పులవలేదు. మొదట జిగురుగా సాగింది, తర్వాత నల్ల బూజు పట్టింది. అవ్వ ఆ చుట్టంతో ఏడాది మాట్లాడలేదు. ఒక కుండ కోసం ఇంత పంతమా అని నేను నవ్వుకున్నాను.

నాయనకు చక్కెర జబ్బు తొంభైల మొదట్లో బయటపడింది. అప్పటికి నేను పెళ్ళి చేసుకుని, ఆత్మకూరు బజారులో సబ్బులు, నూనెలు, దువ్వెనలు అమ్మే కొట్టు పెట్టుకున్నాను. తలనొప్పి బిళ్ళలు కూడా ఒక సీసాలో ఉండేవి. నాయనను బస్సులో ఆత్మకూరు రప్పించి ఒక డాక్టరుకు చూపించాను. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. రోజుకొక మాత్ర రాసి, ఏం తినాలో చెప్పి, చివర ఒక మాట అన్నాడు.

"హద్దులో ఉన్నంత కాలం ఈ మాత్రతో జరిగిపోతుంది. హద్దు దాటితే సూదిమందే, పొద్దునా సాయంత్రమూ. ఆ మందు పెట్టుకునేదానికి ఫ్రిజ్ కావాల, పొడిచేదానికి ఒక మనిషి కావాల. ఇంట్లో ఎవరుండారు?"

"మా అమ్మ ఉండాది. ఆమెకి కళ్ళు ఆనవు," అన్నాడు నాయన. ఫ్రిజ్ సంగతి ఎత్తలేదు. మాకు లేదు, ఉన్నా అప్పటి ఉదయగిరి కరెంటును నమ్మి అందులో ఏమీ పెట్టలేం.

"అట్టయితే సూది దాకా వస్తే నువ్వు నీ కొడుకు దగ్గరికి వచ్చేయాల్సిందే."

బయటికొచ్చాక నాయన చెప్పులు తొడుక్కుంటూ నా మొహం చూడకుండా అన్నాడు.

"ఆత్మకూర్లో నాకేం పనిరా? నీ కొట్టు ముందర కూర్చోని ఈగలు తోలాల్నా?"

మాత్రా, సూదా అన్నది ఆయనకు జబ్బు సంగతి కాదు. ముప్ఫై ఏళ్ళుగా కూర్చున్న గల్లాపెట్టె ముందు ఇకమీదట కూర్చుంటాడా లేదా అన్న సంగతి. అది నాకు ఆ రోజే తెలుసు. తెలియక చేశానని చెప్పుకోవడానికి కూడా నాకు వీల్లేదు.

రెండేళ్ళ పైచిలుకు ఆయన హద్దులోనే ఉన్నాడు. సీతారామపురం వైపు నుంచి వచ్చే రైతుల దగ్గర అవ్వ రాగులు, ఉలవలు కొనేది. పగలు సంగటి, ఆకుకూర. పొద్దున చిన్న గిన్నెడు పుల్ల గంజి. మెత్తబడిన బిస్కెట్లు ఇంట్లోకి రావడం అప్పుడు మొదటిసారి ఆగింది. వారానికొకసారి నాయన ఒంటేలు నాలుగు చుక్కలు నీలం మందులో వేసి గాజు గొట్టంలో కాచేవాడు. నీలం నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ, పసుపు, ఆ తర్వాత ఇటుక రంగు. ఒక్కో మెట్టూ ఒక్కో ప్రమాదం. చూసి, ఆత్మకూరు బస్సు కండక్టరుతో కబురు చెప్పేవాడు. కండక్టరు మా కొట్టు ముందు దిగి, "మీ నాయన నీలమే అని చెప్పమన్నాడన్నా. చీరలు గాని తెప్పిస్తుండారా?" అని అడిగేవాడు.

ఇక ఆ వ్యాను మనిషి సంగతి.

"ఇంకా నాలుగు నెలలు టైముండాది గదన్నా. మంచి సరుకు, ఒరిజినల్," అన్నాడు అతను.

"ఆ నాలుగు నెల్లూ నీ వ్యానులో ఊరేగుతాయి. ఆమైన నువ్వే మింగాల," అన్నాను.

"సగానికి తీసుకో."

"సబ్బులమ్మేవాణ్ణి, నాకెందుకయ్యా ఇయి? పావుకిస్తావా, టీ తాగి పోతావా?"

అతను టీ తాగాడు, పావుకే ఇచ్చాడు. డాక్టరు చీటీ లేకుండా ఆ మందు అమ్మకూడదని నాకు తెలుసు. ఊళ్ళల్లో ఎన్ని కొట్లలో అమ్మడం లేదు అని సర్దిచెప్పుకున్నాను. కానీ మందు కోసం సబ్బుల కొట్టుకు ఎవరు వస్తారు? మర్రిపాడు రోడ్డు మీద తిరిగే లారీ డ్రైవర్లకు ఇరవై అట్టల్లో మూడు అంటగట్టగలిగాను. పదిహేడు అట్టలు మిగిలాయి. పెట్టె మీద తేదీ చూసినప్పుడల్లా మిగిలిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టేవాణ్ణి.

అప్పుడే నాయన సరుకు కోసం ఆత్మకూరు వచ్చాడు, కాలి బొటనవేలికి గుడ్డ చుట్టుకుని. నూనె డబ్బా రేకు కోసుకుందట. చక్కెర ఉన్నవాడికి కాలి పుండు ఎంత చెడ్డదో అందరికీ తెలుసు. డాక్టరు దగ్గరికి వెళ్దామని ఆయనే లేచాడు. నేను కూర్చోబెట్టి రెండు అట్టలు చేతిలో పెట్టాను.

"ఆయన రాసేది కూడా ఇదే మందు నాయనా. మనకాడ ఉండగా వాళ్ళకి ఫీజెందుకు?"

పది రోజుల్లో పుండు మానింది. ఇది కూడా రాయాలి. ఆ గొట్టాలు చెడ్డ మందు కాదు, ఆ పుండును అవే మాన్పి ఉండాలి. తప్పు అక్కడ ఆగకపోవడంలో ఉంది. మరుసటి నెల వచ్చినప్పుడు, వ్యాను మనిషితో ఆడిన బేరం గొప్పగా చెప్పుకుని, మిగిలిన అట్టలన్నీ సంచీలో వేసి ఇచ్చాను.

"గడువు లోపల వాడేయ్ నాయనా. పారేస్తే ఎవురికి లాభం?"

ఆయన సంచీ భుజాన వేసుకున్నాడు. మా ఇంటి పద్ధతి ఆయనే నాకు నేర్పాడు.

దగ్గొస్తే మూడు రోజులు మింగాడు. మోకాలు నొప్పెడితే మింగాడు. పుండు తిరగబెడుతుందేమోనని ముందుజాగ్రత్తగా మింగాడు. నెల తిరిగేసరికి విరేచనాలు పట్టుకున్నాయి. కడుపులో పురుగేదో చేరిందనుకుని దానికీ అవే మింగాడు. సంగటి తింటే కడుపు ఉబ్బరం, ఆకుకూర తింటే పొట్ట పట్టుకుని పరుగు. గంజి మీద మనసే పోయింది. తేలికగా అరుగుతుందని బ్రెడ్డు తిన్నాడు, నీరసానికి గ్లూకోజు పొడి కలుపుకుని తాగాడు. రెండూ కొట్టులో మిగిలిపోయినవే. చక్కెర జబ్బు మనిషి చక్కెర నీళ్ళు తాగుతుంటే అవ్వ అరిచింది. "అమ్మా, కాళ్ళు నిలవడంలేదు, ఏం తాగమంటావో చెప్పు," అన్నాడట.

కండక్టరు ఒక రోజు పొద్దున దిగి కొట్టు ముందు కాస్త తటపటాయించాడు.

"అన్నా, ఈసారి కబురు మీ అవ్వ చెప్పింది. ఇటుక రంగంట. నాలుగు వారాలైందంట మీ నాయన ఎవురికీ చెప్పకుండా దాయబట్టి."

అదే బస్సు తిరుగు ప్రయాణంలో నేను ఉదయగిరి వెళ్ళాను. నాయన గల్లాపెట్టె ముందే ఉన్నాడు, కానీ చొక్కాలో మనిషి లేడు. మెడ ఎముకలు రెండు వైపులా గిన్నెల్లా లోతు పడ్డాయి. గిరాకీ మనిషి అడిగిన సరుకు అందుకోవడానికి లేచి, అల్మారా పట్టుకుని అట్లానే నిలబడిపోయాడు. అవ్వ నన్ను చూడగానే లేచింది. చిన్న గుడ్డసంచీ ఒకటి నడుముకు చెక్కుకుని, "పదండి," అంది. ఆత్మకూరు వచ్చే దారిలో మూడు చోట్ల బస్సు ఆపించాం. మూడోసారి ప్రయాణికులు సణిగారు. డ్రైవరు వెనక్కి తిరిగి, "పెద్దాయన, ఉండండ్రా," అన్నాడు. తుమ్మచెట్ల చాటు నుంచి నాయన పంచె సర్దుకుంటూ వచ్చి, ఎవరినీ చూడకుండా కూర్చున్నాడు. ఎదుటివాడి చేత ఒక్క మాట అనిపించుకోని మనిషి ఆయన.

డాక్టరు చూసి, రక్తం తీయించి, ఈ మధ్య ఏమేం మందులు వాడావని అడిగాడు.

"మీరిచ్చిన మాత్రే సార్," అన్నాను నేను.

అవ్వ తన సంచీ విప్పి బల్ల మీద కుమ్మరించింది. ఖాళీ అట్టలు. అవి కూడా పారేయలేదు మా అవ్వ. వెండిరంగు రేకు మెరుస్తుంటే డాక్టరు ఒక్కొక్కటి పక్కన పెడుతూ పోయాడు. పదిహేడు.

"ఇవన్నీ ఎవరు రాసిచ్చినారు?"

"నేనే కొనుక్కున్నా సార్. తెలియక," అన్నాడు నాయన. నా వైపు చూడలేదు.

నేను నోరు మూసుకుని ఉన్నాను. సిగ్గుతో అని రాయాలని ఉంది, కానీ అప్పుడు నేను చేస్తున్నది లెక్క. నిజం చెబితే నా కొట్టు మీద ఎవరైనా ఫిర్యాదు చేస్తారా, చేస్తే ఎంతలో తేలుతుంది అని. నాయన ప్రాణం బల్ల మీద ఉండగా నేను ఈ లెక్క వేసుకున్నాను.

"అబ్బయ్యా," అంది అవ్వ, "నోరుండాది గదరా నీకు. వ్యానోడి కాడ ఉన్నింది, ఈడ లేదా?"

అప్పుడు చెప్పాను. కొసరు సబ్బులతో సహా చెప్పాను. డాక్టరు తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త తేలికయ్యేది.

"మనిషి పేగుల్లో కంటికి కనపడని జీవులు కోట్ల కొద్దీ కాపురముంటాయి," అన్నాడు. "మనం అరిగించుకోలేని పీచును అవి అరిగిస్తాయి. చెడ్డవాటిని చేరనీయవు. పుండులో పురుగును చంపే మందు వీటినీ చంపుతుంది. ఒకసారికైతే మళ్ళీ పుంజుకుంటాయి. నెలల తరబడి చంపుతా ఉంటే ఎట్ట?"

"కుండ తోమేసినట్టు," అంది అవ్వ.

డాక్టరుకు అర్థం కాలేదు. అవ్వ తన గంజికుండ సంగతీ, చుట్టం తోమిన సంగతీ, వారం పాటు బూజు పట్టిన సంగతీ చెప్పుకొచ్చింది. ఆయన చివరిదాకా విన్నాడు. "అంతే," అన్నాడు. "సరిగ్గా అంతే." నేను నవ్వుకున్న పంతం అదే. ఆ గదిలో నాకొక్కడికే కొత్త పాఠం.

ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. గొట్టాలు బందు. సెలైను, పేగుకు వేరే మందు, పొద్దునా సాయంత్రమూ సూది. మొదటి సూది పడ్డప్పుడు నాయన అడిగాడు.

"ఇది కడుపు నిమ్మళించేదాకానే గదా సార్?"

"చూద్దాం," అన్నాడు డాక్టరు.

ఆసుపత్రి నుంచి వచ్చాక రెండు నెలలు నాయనా అవ్వా మా ఇంట్లో ఉన్నారు. అవ్వ నన్ను ఉదయగిరి పంపి గంజికుండను తెప్పించుకుంది. మూతికి గుడ్డ కట్టి, ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చాను. పక్క సీటాయన ముక్కు మూసుకుని, "ఏంది సామీ అది?" అని అడిగితే ఏం చెప్పాలో తోచక, "మా నాయన మందు," అన్నాను. డాక్టరు దానికి ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు. "మజ్జిగ ఇవ్వండి. గంజి కొద్దికొద్దిగా చూడండి. దీంతో బాగవుతుందని నేను రాసియ్యను, వద్దని కూడా అనను." చెంచాతో మొదలై గిన్నెడు దాకా వచ్చింది. విరేచనాలు కట్టాయి. మెతుకు మెతుకుగా సంగటి మళ్ళీ పట్టింది. కొలిమిలో కాలినట్టున్న మొహానికి కాస్త కళ వచ్చింది.

చక్కెర దిగింది, కానీ మాత్రతో సరిపోయే హద్దులోకి దిగలేదు. డాక్టరు మూడుసార్లు సూది ఆపి చూశాడు. మూడుసార్లూ నాయన మా వంటింట్లో గాజు గొట్టం కాచి, వెలుతురుకు ఎత్తి చూసి, నీలం కాదని కిందపెట్టాడు. మూడోసారి తర్వాత తనే అన్నాడు.

"కొట్టు ఇచ్చేస్తానురా."

ఉదయగిరిలో మా పక్కింట్లో కొయ్య చెంచాలు చెక్కే భాయ్ ఉండేవాడు. ఆయన కొడుక్కి కొట్టు కావాలన్నాడు. ఆ బేరానికి నేనూ వెళ్ళాను, కానీ నాయన నన్ను బయటే ఉండమన్నాడు. లోపల ఎంతోసేపు పట్టలేదు. ఎదుటివాడు మొదట అన్న ధరకే ఇచ్చేసి వచ్చాడు. జీవితంలో ఆయన అట్లా ఇచ్చింది అదొక్కటే. తాళంచెవులు ఇస్తూ, "పప్పుల డబ్బాలకి చీమలు పడతాయి, కింద నీళ్ళ పళ్ళేలు పెట్టుకోండి," అని మాత్రం చెప్పాడు.

తర్వాత తొమ్మిదేళ్ళు మా ఇంట్లో, నా కొట్టు ముందు స్టూలు మీద కూర్చున్నాడు. ఈగలు తోలాడని రాయను. గిరాకీ వస్తే తల తిప్పి నన్ను పిలిచేవాడు, అంతే. ధర ఎంత అని ఎవరైనా తననే అడిగితే, "వాణ్ణడగండి, కొట్టు వాడిది," అనేవాడు. ఆ గొట్టాల మాట ఆయన ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఇప్పుడు ఈ విషయం మీద దొరికిందల్లా చదువుతుంటాను. మనం తిన్న పీచును పేగుల్లోని ఆ సన్నజీవులు పులియబెడతాయట. అందులోంచి పుట్టే పుల్లటి పదార్థాలు పేగు గోడను కాపాడతాయట, ఒళ్ళు చక్కెరను వాడుకునే తీరులో కూడా వాటికి చెయ్యి ఉందట. యాంటీబయాటిక్ పదేపదే వాడితే వాటిలో కొన్ని రకాలు తిరిగి రావడానికి చాలాకాలం పడుతుందట, కొన్ని రాకపోవచ్చునట. ఎంతవరకు ఏది ఏ జబ్బుకు కారణమో ఇంకా తేల్చుకుంటున్నామని ఆ రాసినవాళ్ళే అంటున్నారు. కాబట్టి మొత్తం ఆ గొట్టాల మీదే తోసేసి నేను తప్పుకోలేను, వాటికేం సంబంధం లేదని కూడా తప్పుకోలేను. బ్రెడ్డూ గ్లూకోజూ ఉన్నాయి. కానీ వాటి దాకా నాయనను నడిపించింది ఆ పాడైన కడుపే.

నాయన పోయాక ఒకసారి ఆ డాక్టరును అడిగాను. ఆ గొట్టాలు మింగకుండా ఉంటే ఏమయ్యేది అని.

"సూది ఎప్పటికైనా వచ్చేదేమో. ఈ జబ్బు చాలామందిని అక్కడికే తెస్తుంది. మీ నాయన ఉన్న పద్ధతికి ఇంకో రెండేళ్ళు పట్టేదేమో, అయిదేళ్ళు పట్టేదేమో. కచ్చితంగా ఎవరూ చెప్పలేరు."

కచ్చితంగా చెప్పలేని చోట తక్కువకు తేల్చుకోవడం నా వృత్తి. రెండు అని మొదలుపెట్టి, ఒకటిన్నరకు దించి, మిగిలింది జబ్బు ఖాతాలో వేయడం నాకు చేతగాని పని కాదు. ఇంటికొచ్చే దారంతా ఆ పనే చేశాను కూడా. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి నా మీద నాకే వెగటు పుట్టింది.

లెక్క ఇది. పుండు మానడం, అది గొట్టాలకు జమ. తొమ్మిదేళ్ళ పాటు పొద్దునా సాయంత్రమూ పడ్డ సూదులు, అవి కొంత జబ్బువి, కొంత నావి, విడదీయడం నా వల్ల కాదు. నాయన తన కొట్టులో తన గల్లాపెట్టె ముందు కూర్చోవలసి ఉండీ కూర్చోలేకపోయిన కాలం, అది మాత్రం పూర్తిగా నాదే. అయిదేళ్ళు.